మలుపు దగ్గర బూర మనిషి

నేను, డోర్కస్ ఆల్డర్సన్, సిగ్నల్‌మన్ సెప్టిమస్ ఆల్డర్సన్ భార్యను, మొన్న వసంతం నుంచి విధవరాలిని, వయసు డెబ్బై ఏడు, రావెన్‌గిల్ రైల్వే గేటు ఇంటి కాపురస్తురాలిని. మోకాళ్లు తప్ప మిగతావన్నీ, ముఖ్యంగా బుర్ర, సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం అమలు జరగవలసిందిగా చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. నాకు అక్షరం ముక్క రాదు. రాస్తున్నది మా చర్చిలో ఆర్గన్ వాయించే మిస్ మాబెల్ స్కైఫ్. "మరీ ఘాటుగా ఉంది, డోర్కస్ గారూ" అని ఇప్పటికే ఓసారి కలం ఆపింది. రాయమ్మా, చచ్చేది నేను, నువ్వు కాదు.

1. దీన్ని అమలు జరపవలసింది నా మనవరాలు హెస్టర్. నా కొడుకు ఎడ్విన్ పోయాక పుట్టిన పిల్ల. ఈ ఇల్లు, గేటు దీపం, నా ఉన్ని శాలువా, రాగి కెటిల్ దానివి. కెటిల్‌కి సొట్ట ఉంది. తీయించవద్దు. ఆ సొట్ట నేను నేలకేసి కొట్టిన రోజుది.

2. మాబెల్‌కి ఏమీ ఇవ్వను. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు ఇస్తే చెల్లదట. ఆ సంగతి తనే చెప్పింది, పాపం.

3. పై గదిలో ఉన్న బొమ్మ రైలు మార్గం గురించి. ఆ గది ఎడ్విన్‌ది. వాడు పోయాక నా భర్త అందులో బల్లలు వేసి, మా రావెన్‌గిల్ స్టేషను, గేటు, ఈ ఇల్లు, మలుపు, అన్నీ కట్టాడు. 1958 వేసవి దగ్గర కాలాన్ని ఆపేశాడు. ఆ వేసవికి మా లైను మీద తిరగని ఇంజను ఒక్కటీ పెట్టలేదు. ఒక రైలు పెట్టెకి అప్పటికింకా పాత ఎరుపూ మీగడ రంగే ఉందని ఫోటోలో చూసి, వేసిన కొత్త రంగంతా గీకేసి మళ్లీ వేశాడు. "ఏమిటయ్యా ఈ పిచ్చి?" అంటే, "ఆ వేసవి దాకా అన్నీ ఉన్నాయి, డోర్కస్" అన్నాడు.

4. ఆ నవంబరులో మా లైనుకి ఆకుపచ్చ డీజిల్ బండి వచ్చింది. ఎడ్విన్ పట్టాలు సరిచేసే గ్యాంగులో పనివాడు. గ్యాంగు మేస్త్రీ నా తమ్ముడు ఆంబ్రోస్ మెట్కాఫ్. బండి వస్తుంటే ఊది హెచ్చరించడానికి మలుపు దగ్గర ఒక మనిషి బూర పట్టుకుని కాపలా ఉండాలి. కానీ వీళ్లందరూ ఆవిరి ఇంజన్ల మధ్య పెరిగినవాళ్లు. ఇంజను మైలు దూరాన ఆయాసపడుతుంటేనే తెలిసిపోయేది. "చెవులున్నాయి కదరా, బూరెందుకు? వెళ్లి మా అక్క పొయ్యి మీద టీ కాచుకురా" అని కాపలావాణ్ణి, పెర్సీని, నా దగ్గరికి పంపాడు ఆంబ్రోస్. పెర్సీ నా వంటింట్లో నిలబడి ఉండగా ఆకుపచ్చ బండి గేటు దాటింది. బస్సు పోయినంత చప్పుడు కూడా లేదు. మంచు పట్టిన ఉదయం. కాగిన కెటిల్ నా చేతిలో ఉంది.

5. ఎడ్విన్ చావు మీద జరిగిన విచారణలో ఆంబ్రోస్ బైబిలు మీద చెయ్యి పెట్టి, కాపలా మనిషి మలుపు దగ్గరే ఉన్నాడన్నాడు. మేస్త్రీ చెప్పమన్నట్టు పెర్సీ కూడా అవునన్నాడు. వాడు ఇప్పుడు లేడు. నేను లేచి నోరు తెరిస్తే, "కూర్చోమ్మా, నీ దుఃఖం మాకు తెలుసు" అన్నాడు అధికారి.

6. ఇప్పుడు ఆంబ్రోస్ మా ఊరి బొమ్మ రైళ్ల సంఘానికి పెద్ద. మీసాలకు మైనం, మెడలో భూతద్దం. ఏ పెట్టెకి ఏ ఏడు ఏ రంగో ఆయన చెప్పిందే వేదం. ఆ ఆకుపచ్చ బండికి నకలు తన చేతులతో చేసి తెచ్చి, "బావా, 1958 అంటే ఇది కూడా ఉండాలి. లేకపోతే లైను తప్పు" అన్నాడు. నా భర్త దాన్ని పెట్టెలోంచి తీయలేదు. ఆయన పోయాక సమాధి మీద పూలైనా వాడకముందే ఆంబ్రోస్ వచ్చి, "అక్కా, లైను మా సంఘానికి ఇచ్చెయ్యి, ఆ ఏటికి తగ్గట్టు పూర్తి చేస్తాం" అన్నాడు.

మలుపు దగ్గర సీసంతో పోసిన గ్యాంగు మనుషులున్నారు. బూర మనిషి లేడు. నా భర్త వాణ్ణి చేయలేదు. పొగగొట్టం అంచు తప్పుందని వంక పెట్టిన ఆంబ్రోస్, ఇన్నేళ్లలో "బావా, బూర మనిషి ఏడీ?" అని ఒక్కసారీ అడగలేదు.

7. కాబట్టి ఇలా జరగాలి. నన్ను పూడ్చాక, సంఘం వాళ్లందరినీ హెస్టర్ ఆ గదిలోకి పిలవాలి. ఆకుపచ్చ బండిని ఆంబ్రోస్ చేతికివ్వాలి. దాన్ని పట్టా మీద పెట్టే ముందు, ఆ ఏటికి, ఆ ఉదయానికి, మలుపు దగ్గర బూర మనిషి ఉండటం సరైనదా, లేకపోవడం సరైనదా, అతను నోటితో చెప్పాలి. లేడని చెబితే లైను మొత్తం అతని సంఘానిదే. నా కోపం కూడా అక్కడితో సరి. ఉన్నాడన్నా, మాట్లాడకపోయినా, ఆ రోజే పెరట్లో లైనంతా తగలబెట్టాలి. హెస్టర్, జాలి పడకు. ఆంబ్రోస్ ఏడుస్తాడు. విచారణలోనూ ఏడ్చాడు.

8. ఇదంతా జరగకముందే, నా శవపేటిక మూయకముందే, ఆ సీసం గ్యాంగులో టోపీ వెనక్కి నెట్టుకుని వంగి ఉన్న కుర్రాణ్ణి గోరుతో మెల్లగా లేపి, నా కుడి చేతిలో పెట్టి వేళ్లు మూయండి. వాడు ఎడ్విన్. ఆ బండి వచ్చేసరికి ఈసారి వాడు పట్టా మీద ఉండకూడదు.

పైన రాసినదంతా రెండుసార్లు చదివించుకుని విన్నాను. ఒక్క మాట కూడా మార్చనివ్వలేదు.

1979 అక్టోబరు 11, రావెన్‌గిల్.

✕
డోర్కస్ ఆల్డర్సన్ నిశానీ

సాక్షులు:
మాబెల్ స్కైఫ్, ఈ వీలునామా రాసినది
హెర్బర్ట్ ఐస్‌గార్త్, మాంసం దుకాణం, రావెన్‌గిల్