చుట్టపుచూపుగా వచ్చిన భర్త

కూర్మన్నపాలెం,
విశాఖపట్నం.

మండల తహసీల్దారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేనూ నా భర్తా ఒకే ఇంట కాపురమున్నామా లేదా అను అంశముపై పునర్విచారణ కోరుట గురించి.

పై విషయమై, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే సూర్యకళ అను నేను తమకు విన్నవించుకొనునది:

1. నాకు కెనడాలో శాశ్వత నివాస హక్కు ఉన్నది. నా భర్త సాయిశంకర్ ఆ దేశ పౌరుడు. నేను పౌరసత్వం తీసుకోలేదు. తీసుకుంటే ఇక్కడి పాస్‌పోర్టు వదులుకోవాలి, ఆ సంతకం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. మా అమ్మగారు పోయాక ఆవిడ ఇల్లు నాకు వచ్చింది, ఉద్యోగమూ ఇక్కడే దొరికింది. ఇద్దరమూ వచ్చేశాము. ఆయన తన కంపెనీ పని ఇంట్లోంచే చేసుకుంటారు. ఇప్పుడు నా నివాస హక్కు కార్డు గడువు తీరుతున్నది. బయటి దేశంలో ఎక్కువకాలం ఉండిపోతే ఆ హక్కు పోతుంది. అయితే, పౌరుడైన భర్తతో కలిసి ఉన్న కాలాన్ని అక్కడ ఉన్నట్టే లెక్కిస్తారు. వేసవి దాటగానే కంపెనీ ఆయనను వెనక్కి రమ్మన్నది. కార్డు రాకపోతే ఆయన ఒక్కరే వెళ్తారు.

2. అందువల్ల మేమిద్దరమూ ఒకే ఇంట ఉన్నట్టు ధ్రువపత్రం కోరగా, విచారణకు వచ్చిన తమ ఉద్యోగి "సదరు భర్త ఇచ్చట నివాసము లేడు, చుట్టపుచూపుగా వచ్చి పోవుచుండును" అని రాసియున్నారు. ఆయన తప్పేమీ లేదు, విన్నదే రాశారు. చెప్పినది ఎదురింటి పైడితల్లి పిన్ని. ఎందుకలా చెప్పావని అడిగితే ఆవిడ నన్నే కోప్పడింది.

"అత్తోరింట్లో ఇల్లరికం ఉన్నాడని సర్కారు కాయితంలో ఎక్కితే మగోడు ఈదిలో తలెత్తుకు తిరగ్గలడేటి? నీ మొగుడి పరువు నిలబెట్టినానమ్మా. నువ్వే నాకు కాఫీ ఇవ్వాల."

కాఫీ ఇచ్చాను.

3. అయితే ఆవిడ తమ ఉద్యోగితో ఆ మాట చెప్పినప్పుడు నా భర్త గేటు దగ్గరే ఉన్నారు. తమ ఉద్యోగి ఆయన వైపు తిరిగి "అంతేనాండి?" అని అడిగితే "అంతేనండి" అన్నారట. అన్నం దగ్గర అడిగాను.

"ఈదంతా నిలబడి సూత్తంటే నానేటి సెప్పాల?" అన్నారు.

"ఉన్న మాట చెప్పాల్సింది," అన్నాను.

ఆయన చారు పోసుకున్నారు. పరువు కోసం అన్నారా, వెళ్ళిపోయే వీలు కోసం అన్నారా అన్నది అప్పటినుంచీ నాకు తెగటం లేదు.

4. ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. స్నానాలగదిలో నీళ్ళు కారితే ఆయన "మీ ఇంటి కుళాయి" అంటారు. మేము వచ్చి మూడేళ్ళు దాటినా బీరువా మీది ఆయన పెట్టెకు విమానం ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది. సందు మొదట టిఫిన్ బండి వరహాలు "ఎప్పుడెల్తన్నావ్ బావా?" అని అడిగినప్పుడల్లా "ఎల్తాన్లే, సెలవు మీదున్నాను" అంటారు. నా చెవులతో విన్నాను.

రెండో వైపు ఉన్నది ఒక్కటే. ఉక్కు ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే మా మేడ మీద ఆరేసిన బట్టల మీద బొగ్గుమసి పడుతుంది. చుట్టం ఆ మసి చూసి విసుక్కుంటాడు. నా భర్త విసుక్కోరు, గాలి మళ్ళక ముందే వెళ్ళి బట్టలు తీస్తారు. నావి కూడా. తొందరపడి తీర్పు చెప్పవద్దని క్లాసులో పిల్లలకు చెప్తుంటాను, నాకిప్పుడు ఆ ఓపిక చాలటం లేదు.

5. కావున తమరు మళ్ళీ విచారణ జరిపించవలెనని ప్రార్థన. ఈసారి గేటు దగ్గర కాక, ఇంట్లో కూర్చుని, తలుపు వేసి, నేను కాలేజీకి వెళ్ళిన వేళ అడిగించండి. ఎంతకాలంగా ఉన్నారని అడగనక్కర లేదు, ఆయన లెక్కలు బాగా చెప్తారు. ఇది ఎవరి ఇల్లు అని మాత్రం అడిగించండి. "మా ఇల్లు" అంటే ధ్రువపత్రం ఇప్పించండి. "వాళ్ళిల్లు" అంటే ఈ అర్జీని మూసివేయండి. ఆ కార్డుతో నాకు ఇక పని ఉండదు.

నా మనవి ఇంతే. తమరు చిత్తగించి, తగిన ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయురాలు,
సూర్యకళ

తా.క. విచారణకు వచ్చేవారి కంట పడకూడదని ఈ ఉదయం ఆ పెట్టె ట్యాగు కత్తిరించాను. సాక్ష్యం మార్చిన నేరం కిందికి వస్తే మన్నించండి. ఆయన చూసి "కత్తిరించీసేవేటి?" అన్నారు. దుమ్ము పట్టిందన్నాను. ఆయన ఆ ముక్కను చెత్తబుట్టలో వేయలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేకపోయాను. వీలైతే అది కూడా తమ ఉద్యోగి చేతనే అడిగించగలరు.