హ్యాండిల్ మీద చేయి

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అత్తయ్యా క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఈ మొదటి మాటలు మీరెప్పుడూ చదవకుండా దాటేస్తారని నాకు తెలుసు. ఈసారి మాత్రం వెనక్కి వెళ్ళి ఒకసారి చదవండి. నేను క్షేమంగా ఉన్నాను. ఎందుకు నొక్కి రాస్తున్నానో చివరిదాకా వస్తే మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే కోపంలో మరిచిపోతాను. అత్తయ్యకి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఆవిడ ఒప్పుకోరు గానీ, నిన్న పక్కింట్లో గొడవ అవుతుంటే నాకంటే ముందు గుమ్మంలోకి చేరారు. వంటింటి కుళాయి బాగు చేయించాను. చేసినతను "ఇంక జన్మలో కారదమ్మా" అని చెప్పి వెళ్ళాడు. సాయంత్రానికల్లా కారింది. కింద గిన్నె పెట్టాను. సైకిల్‌కి వెనక టైరు మార్పించాను. ఎండలో పెట్టడం లేదు. సీటు తోలుకి నూనె రాస్తూనే ఉన్నాను. సైకిల్ గురించి అన్ని ప్రశ్నలడిగారు, మీ అమ్మ గురించి ఒకటడిగారు. నా గురించి ఏమైనా ఉందేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను.

దారిన పోయేవాళ్ళు సైకిల్ చూసి ఇంకా ఏమంటున్నారో రాయమన్నారు. "నువ్వు రాస్తుంటే భలే సరదాగా ఉంటుంది" అన్నారు. రాస్తాను. మా అమ్మ పురుళ్ళు పోయడానికి ఇంటింటికీ తిరిగిన సైకిల్ మీద నేను ల్యాబు కోసం ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసుకొస్తుంటే జనానికి ఏదో ఒకటి అనకపోతే తోచదు. ఎక్కువమంది అనేది ఒకటే, "మా తాతకి అచ్చం ఇలాంటిదే ఉండేది" అని. ఇంతమంది తాతలు ఒకేసారి తొక్కితే ఆ రోజుల్లో జనం రోడ్డెలా దాటారో! మొన్న సిగ్నల్ దగ్గర ఒకాయన కారు అద్దం దించి "అమ్ముతారా?" అన్నాడు. "నన్ను దిగనిస్తారా, ముందే బేరమాడతారా?" అన్నాను. నేను రక్తం తీయడానికి వెళ్ళే ఒక ముసలి దర్జీ కిటికీలోంచి చూసి, "సూది కంటే నీ సైకిలే భయంగా ఉందమ్మా, అసలు బ్రేకు పడుతుందా?" అన్నాడు. "పడుతుంది బాబాయ్, మీరు పిడికిలి బిగించండి" అని నా పని కానిచ్చాను. ఇంకో కుర్రవాడు చుట్టూ తిరిగి, చెయిన్ కవర్ నిమిరి, "దీన్ని తొక్కడం పాపమండీ, హాల్లో పెట్టుకోవాలి" అని నిట్టూర్చాడు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కిందటి వారం విన్నదానికి నవ్వు రాలేదు.

ల్యాబు ముందు సైకిల్ దిగి, నమూనాల పెట్టె విప్పుకుంటున్నాను. గడ్డం పెంచుకున్న ఒకాయన, నెత్తి మీద హెల్మెట్, చేతిలో తన సైకిల్, నా పక్కనే ఆగి చెయిన్ కవర్ మీది పువ్వుని వంగి చూశాడు. తుప్పు కనపడకుండా నేను గోళ్ళరంగుతో వేసిన పువ్వు.

"ఏవండీ, ఈ సైకిల్ మీకెక్కడిది?"

"నాదేనండీ."

"మీదెలా అవుతుంది? ఇది చనిపోయిన ఒకావిడ సైకిల్. ఆ పువ్వు ఆవిడ వేసిందే. వాళ్ళాయన దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఎలా వచ్చిందో చెప్పండి, లేదంటే పోలీసులని పిలుస్తాను."

నలుగురూ మూగారు. నయం, మా వాచ్‌మన్ లేచి వచ్చాడు. "ఓ సారూ, ఆవిడ మా ల్యాబు అమ్మగారు. ఆ సైకిల్‌ని ఇన్నేళ్ళుగా నీడలో పెట్టేది నేనే. పోలీసులని నా కోసం కూడా పిలుస్తారా ఏంటి?" అన్నాడు. అప్పుడా గడ్డం ఆయన కాస్త తగ్గి, ఫోను తీసి చూపించాడు. పాతకాలపు సైకిళ్ళ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళంతా కలిసి ఫొటోలు పెట్టుకునే చోటట. అందులో మా అమ్మ సైకిల్. కింద మీ పేరు. "నా భార్య సైకిల్. ఆమె వెళ్ళిపోయి ఏడాదయింది. ఇప్పటికీ రోజూ నా చేత్తో తుడుస్తాను."

మీరు తుడవడమా! ఇంట్లో ఉన్నప్పుడు మీ కళ్ళజోడు కూడా నేనే తుడుస్తాను.

"ఆవిడ మీకు తెలుసా?" అని అడిగాడు. ఆ క్షణంలో మీ పరువు నా నాలుక మీద ఉంది. "తెలిసిన మనిషే" అన్నాను. వెంటనే ఆయన హెల్మెట్ తీసి రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని కాసేపు మౌనంగా నిలబడ్డాడు. నా ఎదురుగానే, నా కోసమే. వాచ్‌మన్ కూడా ఎందుకైనా మంచిదని టోపీ తీశాడు. నేనేం చేయను? పెట్టె పట్టుకుని నేనూ నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి మొత్తం చదివాను. మొదట మీరు ఆ సైకిల్‌ని ఉన్నదున్నట్టుగానే పెట్టారు. "నా భార్య రోజూ తొక్కే సైకిల్" అని. దానికి పలికినవాళ్ళు ముగ్గురు. ఒకడు సీటు అసలుది కాదన్నాడు, ఒకడు గంట చవకరకం అన్నాడు, ఒకడు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. ఆ తర్వాత నన్ను చంపి మళ్ళీ పెట్టారు. ఇంక చూడండి, ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి వాలారు. "ఆవిడ ఆ చక్రాల్లో తిరుగుతూనే ఉంటుంది సోదరా." "నీలాంటి భర్త దొరకడం ఆమె అదృష్టం." దర్జీ మాట, కారాయన మాట, తాతల జోకు, నేను ఉత్తరాల్లో రాసినవన్నీ అక్కడున్నాయి, మీతోనే అన్నట్టుగా. ఆ మాటలు పడింది నేను, వాటితో అందరినీ నవ్వించింది మీరు. "నీకు సరదాగా రాయడం వచ్చు" అని మీరంటే మురిసిపోయి, దారిలో ఎవరేమన్నా మరిచిపోకుండా మీ కోసం మోసుకొచ్చేదాన్ని.

ఆ ఫొటో నేను ఉత్తరంలో పెట్టి పంపిందే. "నాలుగు వైపులా తీయించి పంపు, పక్కన నువ్వూ నిలబడు" అన్నారు కదా. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఎండలో నవ్వుతూ నిలబడ్డాను. మీరు నన్ను కత్తిరించేశారు. సరిగ్గా కత్తిరించడం కూడా రాలేదు మీకు. హ్యాండిల్ మీద నా చేయి మిగిలిపోయింది, వాచీతో సహా. ఎవరో అడిగారు, "ఆ చేయి ఎవరిది?" అని. "మా చెల్లెలిది" అని రాశారు. మీకు చెల్లెలెక్కడిది? అత్తయ్యకి చెబితే ఆవిడే కంగారు పడతారు.

ఆ జవాబు వెళ్ళింది మధ్యాహ్నం, ప్రశ్న వచ్చిన రెండు నిమిషాల్లో. వంతెన కట్టేచోట సిగ్నల్ ఉండదని, గుట్ట ఎక్కితే గానీ ఫోను పలకదని, అందుకే ఉత్తరాలు రాసుకుందామని అన్నది మీరు. పోస్టు డబ్బా దాకా ఎన్నిసార్లు పరిగెత్తానో. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి పలికే ఫోను నాకెందుకు పలకలేదు? ద్రోహం పెద్ద మాటే. చిన్న మాట కోసం వెతికాను, దొరకలేదు.

అక్కడ "పాత బెల్లు" అన్న పేరుతో ఒకరు మిమ్మల్ని అడిగారు, ఆవిడ ఎలా ఉండేదని. మీరు రాసింది నాకు కంఠతా వచ్చేసింది. "ఎదురుగాలిలో తొక్కేటప్పుడు కింది పెదవి కొరుక్కునేది. ఆ పెదవి చూస్తే ఇంక ఆ గాలి ఓడిపోయినట్టే అనుకునేవాణ్ణి. ఆమెతో ఎప్పుడూ అనలేదు." పాత బెల్లు మళ్ళీ అడిగితే, నేను నిద్రలో లెక్కలు చెబుతానని, నవ్వు ఆపుకుంటే నా చెవులు ఎర్రబడతాయని రాశారు. ఎలా పోయిందని అడిగితే, "ఆపరేషన్ తర్వాత. చివరిదాకా పక్కనే కూర్చుని చేయి పట్టుకున్నాను" అని రాశారు.

నాకు ఆపరేషన్ అయిన మాట నిజం. మీకు సెలవు దొరకలేదు. నా చేయి పట్టుకున్నది మీ అమ్మ. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నా చేయి పట్టుకునే కుర్చీలో గురక పెడుతున్నారు. ఆ గురకని మీరు ఎత్తుకుపోయి మీ పేరు పెట్టుకున్నారు. మిగతావన్నీ ఎలాగో మింగాను, ఇది మాత్రం గొంతు దిగడం లేదు.

ఆ కిందే ఒకావిడ రాసింది, "మీరింకా చిన్నవారే, మళ్ళీ పెళ్ళి చేసుకోండి, ఆమె ఆత్మ సంతోషిస్తుంది" అని. మీరు "ఇప్పుడే కాదు, చూద్దాం" అన్నారు. ఏం చూస్తారండీ? ఆత్మ ఇక్కడ మీ అమ్మకి మోకాలికి నూనె రాస్తోంది.

మనసులో పెట్టుకోలేక అత్తయ్యకి చెప్పాను, చెల్లెలి సంగతి తప్ప. ఆవిడ నమ్మరనుకున్నాను, వెనకేసుకొస్తారనుకున్నాను. ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "వాడంతేనమ్మా. బడి ఎగ్గొట్టడానికి మా నాన్నని మూడుసార్లు చంపాడు. మూడోసారి మాస్టారు పరామర్శకి ఇంటికొస్తే మా నాన్నే తలుపు తీశాడు" అన్నారు. నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ నా చేయి పట్టుకుని, "ఆ వారమంతా నేనేనమ్మా కూర్చుంది" అన్నారు, నాకేదో సాక్ష్యం కావాలన్నట్టు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంక నేను చెప్పాల్సింది ఒకటుంది. పొద్దున్నుంచి చుట్టూ తిరుగుతున్నాను గానీ కలం ముందుకి సాగడం లేదు. ఆ పాత బెల్లు నేనే.

మిమ్మల్ని పట్టుకుందామనే మొదలుపెట్టాను, ఒట్టు. ఒక్క ప్రశ్నతో ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ పెదవి మాట చదివాక ఆగలేకపోయాను. పని మధ్యలో, మెట్ల మీద కూర్చుని, మీ జవాబు కోసం ఫోను చూసుకునేదాన్ని. పెళ్ళయిన కొత్తలో కూడా అలా ఎదురుచూడలేదు. సిగ్గు లేకుండా సంతోషించాను. మీకు నేను కనపడ్డానని, ఇన్నేళ్ళూ అన్నీ చూస్తూనే ఉన్నారని. ఆ వెంటనే ఆ పోయినావిడ మీద కుళ్ళు పుట్టింది. ఆవిడ చస్తే గానీ మీ నోట ఆ మాటలు రాలేదు, నేనేమో బతికుండి టైరు గురించి ప్రశ్నలు అందుకుంటున్నాను. ఎలా పోయిందని అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను. కూర్చున్న కాడే మెట్లు చల్లబడిపోయినట్టయింది.

వచ్చే నెల సెలవు దొరికిందని, స్టేషనుకి సైకిల్ మీద రమ్మని రాశారు. మీ వాళ్ళందరూ చూస్తుండగా ఆ ఫొటో కింద మీరే రాయండి, "ఆ చేయి నా భార్యది. ఆమె బతికే ఉంది" అని. ఇంకేం వద్దు, సంజాయిషీలు అసలే వద్దు. వాళ్ళు మిమ్మల్ని ఏమంటారో నేనూ చదువుతాను. ఇన్నేళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళ మాటలు నేను పడ్డాను, నాలుగు రోజులు మీరూ పడండి. ఆ పెదవి మాట మాత్రం తీసేయకండి. అది నాది, నాకు కావాలి.

రాశాకే బయలుదేరండి. రాయకుండా వస్తే అత్తయ్య ఎలాగూ చెవులు వినపడనట్టే పడుకుంటారు. ఇంక ఇంట్లో ఉన్నది పోయిన మనిషే కదా, తలుపెవరు తీస్తారు?

ఇట్లు,
మీరు రాసేదాకా కీర్తిశేషురాలు,
మీ ఇంటావిడ