రెండో గ్లాసు

దుఖాన్, ఖతర్
31 ఆగస్టు 1979, శుక్రవారం

సౌభాగ్యవతి సాయవ్వకు జలంధర్ దీవించి రాయునది. నేను ఇక్కడ బాగున్నాను. మీరంతా బాగున్నారని తలుస్తాను అని రాయడం మన అలవాటు. మన బిడ్డ గంగామణికి జ్వరమని నీ ఉత్తరంలో చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. బాగుండాలని మాత్రం రాస్తున్నాను. అవ్వకు దండాలు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న చెల్లె నర్సవ్వకు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం పోయిన ఆదివారం చేతికొచ్చింది. రేపు పొద్దున మన బుచ్చన్న ఇంటికి పోతున్నాడు. బొంబాయి దాకా విమానం, అక్కడినుంచి బస్సు. పోస్టులో వేస్తే పన్నెండు పదిహేను దినాలు పడుతుంది గనుక అతని చేతికే ఇస్తున్నాను. మంగళవారమో బుధవారమో మన ఇంటికొచ్చి ఇస్తాడు. ఈవాళ మాకు సెలవు. పొద్దున్నుంచి రాద్దామని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. బుచ్చన్న పెట్టెకు తాళ్లు కట్టాడేమోనని నాలుగుసార్లు పోయి చూసొచ్చాను. "నీ చిట్టి లేకుంట పోతనా? పోయి కూసోని రాయరాదు" అని కసురుకున్నాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వానకు వెనక గోడ ఒరిగిందన్నావు. దానికి ఇప్పుడే మట్టి మెత్తకండి. తడి గోడ మీద మట్టి నిలవదు. రెండు కట్టెలు వాలుగా ఆనించి పెట్టండి, దసరా దాటాక చూద్దాం. ఇక్కడ ఆయిల్ కంపెనీ సాహెబుల క్వార్టర్లకు నేను నిటారుగా గోడలు లేపుతున్నాను, అక్కడ నా ఇంటి గోడ ఒరుగుతున్నది. నవ్వాలో ఏడవాలో తెలియదు.

దుబాయ్‌లో వానలు పడ్డాయా అని అవ్వ అడిగిందట. ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు దుబాయే. సరే, దుబాయే అనుకుందాం. వాన లేదు, మబ్బు లేదు. గాలిలో తడి మాత్రం ఉంది. అంగీ విప్పి పిండితే చెంబెడు చెమట కారుతుంది.

"ఎండల ఏం తాగుతున్నవ్? సల్లటివి ముడుతలేవు గద?" అని అడిగావు. నర్సవ్వ ఆ మాట నువ్వు అన్నది అన్నట్టే రాసింది, నీ గొంతు వినబడింది.

ఇక్కడ తాగే సంగతి అంతా తలకిందులు. నీళ్లు, చాయ్ సంగతే చెప్తున్నాను, అవ్వ కంగారు పడొద్దు. మధ్యాహ్నం నల్లా తిప్పితే స్నానానికి కాగబెట్టినట్టు నీళ్లు వస్తాయి. అందుకని సైట్లో ఒక పెద్ద డ్రమ్ము పెట్టి పొద్దున్నే ఐసుగడ్డలు వేస్తారు. అందరూ దాని చుట్టే తిరుగుతారు. నేనొక్కణ్ణే ఫరీదుద్దీన్ దగ్గరికి పోయేవాణ్ణి. అతనిది పెషావర్, మా సైట్లో చాయ్ కాస్తాడు. ఎంత ఎండలో అంత వేడిది తాగాలి, అప్పుడే చెమట పోసి, గాలి తగిలి ఒళ్లు చల్లబడుతుందని అతని వాదం. డ్రమ్ము దగ్గర మూగినవాళ్లను చూసి "వో సబ్ బచ్చే హై", వాళ్లంతా పిలగాళ్లు అని నవ్వుతాడు. నన్ను ఒక్కణ్ణే మొగోడు అనుకునేవాడు. అది నీ భయమని అతనికి తెలియదు.

ఆఫీసు గదిలో ఇంజనీర్ల సంగతి ఇంకో రకం. బయట కొలిమి, లోపల ఏసీ. స్వెటర్లు వేసుకుని కూర్చుని పొగలొచ్చే చాయ్ తెప్పించుకుంటారు. మా మిసిరి ఫోర్మన్ ఒకడున్నాడు, ఈజిప్టు మనిషి. జనవరిలో సముద్రపు గాలికి మాకు పళ్లు కొట్టుకుంటుంటే, ఐసుపెట్టెలోంచి సోడా తీసి గటగటా తాగుతాడు. అదేమని అడిగితే, ఇదే గదా దీనికి కాలం అంటాడు. ఎవరి నాలుక వాళ్లది.

చెల్లె నర్సవ్వా, ఇక్కడ ఆపు. ఇప్పటిదాకా గట్టిగా చదివావు, అవ్వ విన్నది, పక్కింటివాళ్లు విన్నారు. ఇక్కడినుంచి మీ వదినను లోపలికి తీసుకుపోయి మెల్లగా చదువు. అవ్వ వినొద్దు. చదివాక నువ్వు కూడా ఎవరికీ చెప్పొద్దు.

సాయవ్వా, నేను వచ్చేనాడు మెట్‌పల్లి బస్టాండులో నిద్రపోతున్న బిడ్డ తల మీద నా చెయ్యి పెట్టించావు. "ఐసు నీళ్లు గాని, సల్లటి సోడ గాని నోట్లె పోసుకోనని చెప్పు" అన్నావు. చెప్పాను. నీ భయం నాకు తెలుసు. కొండగట్టు జాతరకు ఎండలో నడిచి పోయి, వరసపెట్టి మూడు ఐసు సోడాలు తాగి, నిమ్ము చేసి, జగిత్యాల దవాఖానలో ఇరవై దినాలు పడుకున్నాను. ఆ ఇరవై దినాలు నువ్వు మంచం కింద పడుకున్నావు. ఒట్టు వేయించుకునే హక్కు నీకుంది. పదిహేను నెలలు నిలబెట్టాను. నిజంగా నిలబెట్టాను. అందరూ ఐసు నీళ్లు తాగుతుంటే చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాను.

పోయినేటి రంజాన్‌కు పని క్యాంపు పక్కనే గనుక మంచినీళ్లకు కొదవ లేదు. ఈసారి రంజాన్ నడి ఎండల్లో, దూరపు సైట్లో ఉండగా వచ్చింది. ఫరీదుద్దీన్‌కు రోజా, పగలు పొయ్యి ముట్టించడు. ముట్టించమని అడగడానికి నాకూ నోరు రాలేదు. రోజా లేనివాళ్లు తాగడానికని ఐసు డ్రమ్మును గోడ వెనక్కి జరిపారు, ఉపవాసం ఉన్నవాళ్ల కంటబడకుండా. అది నాకు పనికొచ్చేది కాదు. క్యాంపు నుంచి సీసాలో తెచ్చుకున్న నీళ్లు తొమ్మిదింటికి అయిపోయేవి. సైట్లో నల్లా నీళ్లు ఉప్పు. ఇక దూప పట్టుకుని పనిచేసేవాణ్ణి. నాతో పాటు గోడ కట్టే జహాంగీర్, బోధన్ మనిషి, అతనికీ రోజానే. "అల్లా కోసం మేముంటున్నం. నీదెవ్వలి రోజా రా?" అన్నాడు. "మా సాయవ్వది" అన్నాను. పడీపడీ నవ్వాడు.

అట్లా తొమ్మిది దినాలు నడిచింది.

ఆగస్టు నాలుగో తారీఖు, శనివారం. పదకొండింటికి గోడకు పూత పూస్తున్నాను. ముందు చెమట ఆగింది. తర్వాత ఆ ఎండలో చలి పెట్టింది. తాపీ చేతిలోంచి జారడం చూశాను. ఆ తర్వాత తెలియదు. ఇసుక కుప్ప మీద పడ్డాను గనుక దెబ్బలు తగలలేదు, భయపడకు. జహాంగీర్ నన్ను గోడ వెనక్కి ఈడ్చుకుపోయి, తల ఒళ్లో పెట్టుకుని, డ్రమ్ములో గ్లాసు ముంచి నోట్లో పోశాడట. తెల్లవారకముందు నుంచి చుక్క నీళ్లు ముట్టని మనిషి. నేను కళ్లు తెరిచేసరికి అతని వేళ్ల మీంచి ఆ చల్లని నీళ్లు కారుతున్నాయి. అతను ఆ వేళ్లను అంగీకి తుడుచుకుంటున్నాడు.

ఆ మొదటి గ్లాసు నా తప్పు కాదు. నాకు తెలివి లేదు, అతను పోశాడు. నీ ముందైనా దేవుడి ముందైనా ఆ మాట చెప్పుకోగలను.

రెండో గ్లాసు నేనడిగాను.

లేచి కూర్చున్నాను. నా చేతికే ఇయ్యి అన్నాను. చల్లగా ఉన్నాయని తెలిసే తాగాను. ఐసు ముక్క పంటికి తగిలితే నమిలాను. మూడోది కూడా నేనే ముంచుకున్నాను. కంపెనీ డాక్టరు నన్ను పరీక్ష చేసి, ఈ ఎండలో గంటగంటకూ చల్లని నీళ్లు తాగకపోతే మళ్లీ లేవవని చెప్పాడు. అది పట్టుకుని ఆ తర్వాత రోజూ తాగాను. ఇరవై దినాలు. దగ్గు రాలేదు, సర్ది కాలేదు. డాక్టరు చెప్పాడు గదా అని హాయిగానే ఉన్నాను. ఇంటికొచ్చాక నవ్వుతూ చెప్దామనుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. పదకొండు దినాల సంది బిడ్డకు జ్వరం దిగడం లేదు, మెట్‌పల్లి డాక్టరు సూదులు ఇచ్చినా దిగడం లేదు, నా ఒట్టు నువ్వు తప్పలేదు గదా అని.

కవరు మీద మన ఊరి పోస్టు ముద్ర పద్నాలుగో తారీఖు. పదకొండు దినాలు వెనక్కి పోతే మూడు. నేను తాగింది నాలుగు. జహాంగీర్‌కు చూపిస్తే వేళ్ల మీద లెక్కపెట్టి, "జరం ముందుగాల వచ్చింది, నువ్వు నీళ్లు ఎనుక తాగినవ్. నీ నీళ్లకు దానికి ఏం సంబంధం లేదు, ఊకో" అన్నాడు. ఊరుకుందామనే చూశాను. కానీ నువ్వు పదకొండు అన్నది నిజంగా పదకొండేనా? పది కావొచ్చు. నర్సవ్వ రాసిన దినమే డబ్బాలో వేసిందా? వెలుగు ఉన్నంతసేపు ఆ ముద్రనే చూస్తున్నాను. ఒక దినం అటు జరిగితే నేను తప్పించుకుంటాను, ఒక దినం ఇటు జరిగితే నేనే. బిడ్డ జ్వరంతో ఉంటే తండ్రి తారీఖులు లెక్కపెట్టుకుంటున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు పదకొండు దినాలు. ఈవాళ్టికి ఇరవై ఎనిమిది. అందులో ఎన్ని దినాలు జ్వరమో నాకు తెలియదు. ఏం జరిగిందో తెలియదు. గోడ కడుతుంటే దారం తప్పుతున్నది, ఈ వారంలో రెండు వరసలు పీకి మళ్లీ కట్టాను.

ఆదివారం నుంచి చల్లది మానేశాను. రంజాన్ అయిపోయింది గనుక ఫరీదుద్దీన్ పొయ్యి మళ్లీ వెలిగింది. చాయ్ తాగుతున్నాను, వేడినీళ్లు తాగుతున్నాను. కానీ ఒకసారి పడ్డ ఒళ్లు అది. నిన్న పరంజా మీద కళ్లు బైర్లు కమ్మాయి. జహాంగీర్ నా చేతిలో తాపీ గుంజుకుని, "బిడ్డ కోసం సస్తవా? సస్తే బిడ్డకేం ఫాయిదా?" అని అందరి ముందు తిట్టాడు. ఐసు నీళ్ల గ్లాసు మొహం ముందు పెట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను. అతను ఆ గ్లాసు నేల మీద పారబోసి పోయాడు. అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసినా ఆ గ్లాసు ముట్టలేను.

ఒట్టు పెట్టినవాళ్లే ఒట్టు తీయాలి. ఇంకెవరికీ చేతకాదు, నాకూ చేతకాదు. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది. దాచుకుంటే నువ్వు దేన్ని తీస్తావు?

ఇంకొకటి కూడా రాయాలి. ఇది రాయకపోతే పైనదంతా సగమే. రెండో గ్లాసు అడిగేటప్పుడు ప్రాణం మీదికి వచ్చింది గనుక బిడ్డను తలుచుకుని, ఏడ్చుకుంటూ తాగాడులే అని నువ్వు అనుకోవచ్చు. అట్లా కాదు సాయవ్వా. ఆ నీళ్లు గొంతులోకి దిగుతున్నంతసేపు గంగామణి నాకు యాదికే రాలేదు. నువ్వూ రాలేదు. ఒట్టు రాలేదు. ఎంత చల్లగా ఉన్నాయో అన్నదొక్కటే ఉంది. గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాక యాదికొచ్చారు. జ్వరం దేనివల్ల వచ్చిందో గానీ, ఒక ఘడియసేపు నా బిడ్డ నాకు లేకుండా పోయింది. నేను తట్టుకోలేకపోతున్నది అది. నువ్వు తిడితే తిట్టు. ఆ తిట్లు నర్సవ్వ చేత రాయించు, నేను చదువుకుంటాను.

బుచ్చన్న పెట్టె కట్టేశాడు. వాకిట్లో నిలబడి చూస్తున్నాడు.

ఈ ఉత్తరం వినగానే బిడ్డ దగ్గర కూర్చో. తల మీద చెయ్యి పెట్టి, ఒట్టు తీసేసిన అని చెప్పు. నీకు మనసొప్పకపోతే తీయకు, నేను ఏమీ అనను. తర్వాత నర్సవ్వను మెట్‌పల్లి పంపించి నాకు టెలిగ్రాం కొట్టించు. అందులో ఒట్టు సంగతి లేకపోయినా పర్వాలేదు. బిడ్డ తల నీ చేతికి ఎట్లా తగిలిందో, వేడిగానా చల్లగానా, ఆ ఒక్క మాట కొట్టించు.

ఇట్లు,
గంగామణి బాపు,
జలంధర్