మాటలు వద్దు, చేతులు కనపడాలి

జూన్ 3, సోమవారం
మా ఫోన్ కంపెనీ షాపులో సినిమా ప్యాక్‌లు కౌంటర్‌కి రోజుకి పన్నెండు అమ్మాలట. కస్టమర్లకి ఏం కావాలో సర్వే చేశారట, సినిమాలూ పాటలే కావాలన్నారట. ఎవరినడిగారో! నా దగ్గరికొచ్చేవాళ్ళు మాత్రం వంటింట్లోకెళ్తే సిగ్నల్ పోతోందమ్మా అంటారు. ఆ మాట ఎక్కించడానికి సిస్టంలో గడి లేదు.

జూన్ 4
పదకొండు.

జూన్ 6, సాయంత్రం
పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. పుట్టుకతోనే వినికిడి లేదు, మాట రాదు. చిన్న నోటుపుస్తకంలో రాసి చూపించింది. మాటలు వద్దు, చేతులు ఆగకుండా కనపడాలి అని. కూతురూ అంతేనట. ఏడేళ్ళది, దూరంగా హాస్టల్లో ఉంది, ఇంకా రాయడం రాదు. రోజూ సాయంత్రం ఇద్దరూ వీడియోలో సైగలతో మాట్లాడుకుంటారు. బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోందట.

ఆగేది టవర్ మీద రద్దీ వల్ల. ఏ ప్యాక్ వేసినా ఆగుతుంది. నాకు తెలుసు. అయినా అన్‌లిమిటెడ్ కాల్స్‌తో పెద్ద సినిమా ప్యాక్ అంటగట్టాను. ఆవిడ దండం పెట్టి వెళ్ళింది. పన్నెండు పూర్తయ్యాయి.

చెవిటివాడి ముందు శంఖమూది మరీ అమ్మేసిందిరా మన అమ్మాయి, అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 9, ఆదివారం
మా ఆయన హాల్లో ఫోన్ చూసుకుంటున్నారు. నేను గదిలో. టీ పెట్టనా అని మెసేజ్ పెట్టారు.

జూన్ 18
కుట్టుపనావిడ మళ్ళీ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడే రాసింది. పాప పొట్ట మీద చెయ్యి పెట్టుకుందట. అక్కడే బొమ్మ ఆగిపోయిందట. ఆకలనుకుని తినడానికి పార్సిల్ పంపిందట. రెండ్రోజులకి హాస్టల్ వాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అపెండిక్స్ లోపలే పగిలిపోయింది. ఆపరేషన్ చేశారు. బతికింది.

తిట్టలేదు. ఇంకా పెద్ద ప్యాక్ ఉందా అని రాసింది.

వెనక నుంచి మేనేజరు, ఉందమ్మా, ఫ్యామిలీ ప్యాక్ చూపించు అన్నాడు.

పెన్ను తీసుకుని ఆవిడ రాసిన దాని కిందే రాశాను. ఏ ప్యాక్ వేసినా సాయంత్రాలు మా టవర్ ఇంతే. మీ వీధిలో పోటీ కంపెనీ సిగ్నల్ బాగుంటుంది. అదే నంబరుతో అక్కడికి మారిపోండి. మొదటిరోజే చెప్పాల్సింది. నాకు తెలుసు.

చివరి రెండు మాటలూ ఆవిడ మళ్ళీ చదివింది. నా ముఖంలోకి చూసింది. ఈసారి దండం పెట్టలేదు.

పెన్ను ఆవిడకి తిరిగిచ్చేశాను.

జూన్ 20
కుట్టుపనావిడ నంబరు వేరే కంపెనీకి మారుతోందని సిస్టంలో చూశాడు మేనేజరు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకానివి అన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంట్లో చెప్పాను. అవునా, అన్నారాయన. కాసేపటికి ఫోన్ బోర్లా పెట్టి, అన్నం తిన్నావా అని అడిగారు.

తిన్నానో లేదో గుర్తు రాలేదు.

జూలై 11, సాయంత్రం
కుట్టు షాపు ముందు నుంచి నడిచొచ్చాను. మిషన్‌కి ఫోన్ ఆనించి ఉంది. ఆవిడ చేతులు కదులుతున్నాయి. ఫోన్లో చిన్న చేతులు. లోపలికి వెళ్ళలేదు. ఒక్క మాటా అర్థం కాలేదు. బొమ్మ ఎక్కడా ఆగలేదు.