నన్ను మేడమ్ అన్నావు

సలోమి అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నిన్నటి నుంచి మన హాస్పిటల్ బ్రాంచీలన్నిటికీ నేనే నర్సింగ్ హెడ్‌ని. కాగితం కేస్ షీట్లు మాన్పించి అందరికీ ట్యాబ్ అలవాటు చేశానని ఈ పదవి ఇచ్చారు.

నేను ద్వారక బ్రాంచికి హెడ్ అయిన కొత్తలో, అక్కడ ఆ మార్పు మొదలైన రోజు మీటింగులో లేచి, "మా పెద్దవాళ్ళకి కొంచెం టైమ్ ఇవ్వమ్మా" అన్నావు. నా చెయ్యి పట్టుకుని మొదటి ఇంజెక్షన్ చేయించినదానివి. పైవాళ్ళ ముందు గట్టిగా కనబడాలని, "రిటైరయ్యేవాళ్ళ కోసం పని ఆపలేం సిస్టర్" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు మెల్లగా కూర్చున్నావు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా నన్ను మేడమ్ అనే పిలిచావు. నేనూ ఆ పిలుపుకే పలికాను.

ఈ ఉదయం గుర్‌గావ్ బ్రాంచికి వెళ్తే, అప్పట్లో మనతో పనిచేసిన భీమవరం మార్తమ్మ వార్డులో ట్యాబ్ మీద చకచకా రాస్తోంది. బాగా నేర్చుకున్నావని మెచ్చుకున్నాను.

"సలోమక్క చలవే మేడమ్. తను ముందు కూతురి దగ్గర నేర్చుకుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్ద నర్సులందర్నీ చర్చిలోనే కూర్చోబెట్టి నేర్పేది. 'మా పిల్ల మొదటిసారి హెడ్ అయింది, దాని మాట పోకూడదు' అని మీ గురించి అనేది. మీకు చెప్పలేదా?"

చుట్టూ చిన్న నర్సులు నా వంకే చూస్తున్నారు.

"ఎందుకు చెప్పలేదు, చెప్పింది" అన్నాను.

నీ కరుణ