కుదుపుకు మూడు మార్కులు కోత

మొదటి రోజు, ఉదయం 7.10
నా తెలుగు పేలవమైనది. ముందుగానే మన్నింపు కోరుతున్నాను. నలభై నాలుగో ఏట రాత్రి కళాశాలలో పట్టా అందుకున్నవాడిని, అదీ వాణిజ్యశాస్త్రంలో. అయితే అంకెలు తప్పు రాయను.

నర్సుగా పనిచేస్తున్న నా భార్యను ఊరి అవతలి ఆసుపత్రికి మార్చారు. లైసెన్సు వచ్చింది కనుక ఇకపై కారు తానే తీసుకువెళతానంటోంది. కొత్త చేతుల్లో ఇంజను పాడవుతుందని నా నిశ్చితాభిప్రాయం. ఒప్పందం కుదిరింది: పది రోజులు, ఉదయం నేను, సాయంత్రం ఆమె నడపాలి. స్టీరింగు కింద గుచ్చే అగ్గిపెట్టెంత పరికరమొకటి చవకగా కొన్నాను. అది పంపే సమాచారం చూసి ఫోనులోని యాప్ వందకు మార్కులు వేస్తుంది. నెగ్గినవారికి తాళం, ఓడినవారికి బస్సు.

నిష్పాక్షికంగా నమోదు చేయాలని సంకల్పం. ఫలితం నాకు ముందే తెలుసు.

సాయంత్రం 6.30
ఇంజను వేడి 91 డిగ్రీలు. బ్యాటరీ 13.9 వోల్టులు. నేను 41. ఆమె 92.
పరికరం మరీ చవకది.

మూడో రోజు
నేను 38. ఎదురుగాలి. బూట్ల అడుగు మందం. మోకాలి వైద్యానికి మాతో వస్తున్న అత్తగారి బరువు.
సాయంత్రమూ వెనక సీటులో ఆవిడే ఉన్నారని నా భార్య గుర్తు చేసింది. నమోదు చేశాను.

ఐదో రోజు
గుట్టు తెలిసింది. గట్టిగా బ్రేకు వేసిన ప్రతిసారీ మూడు మార్కులు కోత. ఇకపై గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు.
"అల్లుడుగారూ, ఆ సైకిలాయన మనల్ని దాటేశాడు," అన్నారు అత్తగారు.
"దాటనివ్వండి. అతనికి యాప్ లేదు."
నేను 67.

ఆరో రోజు
ఆసుపత్రి గేటు వచ్చింది. బ్రేకు వేయడం ఇష్టం లేకపోయింది. గేటు వెళ్ళిపోయింది.
"ఏమండీ, దిగాలా, దూకాలా?" అంది నా భార్య.
"ఇంకో చుట్టు తిరుగుదాం. దానంతటదే ఆగుతుంది."
మూడు చుట్లు తిరిగాం. కాపలాదారు మూడుసార్లూ లేచి నిలబడ్డాడు. ఆమెకు ఇరవై నిమిషాలు ఆలస్యం. కొత్త చోట, మొదటి వారంలోనే. హెడ్ నర్సు ఆమె పేరు రాసుకున్నారట.
నేను 74. తిరుగుదారిలో ఆమె 92.

ఎనిమిదో రోజు, సెలవు
ఇంటి ముందే ఇంజను వేసి, కదలకుండా మూడు గంటలు కూర్చున్నాను. నేను 100.
"ఎందాకా వెళ్ళొచ్చారు బాబూ?" అన్నారు అత్తగారు కిటికీలోంచి.

తొమ్మిదో రోజు
మార్కులే చూశాను, పెట్రోలు చూడలేదు. సగం దారిలో కారు ఆగిపోయింది.
"ఎంత మెత్తగా ఆగిందండీ. దీనికెన్ని మార్కులు?" అని నా భార్య దిగి, బస్సు కోసం పరుగెత్తింది.
నలభై నిమిషాలు ఆలస్యం. మరొక్కసారి జరిగితే పైకి రాస్తామన్నారట హెడ్ నర్సు.
నేను 88. రాయడానికి చేయి రాలేదు.

పదో రోజు
ఉదయం స్టీరింగు ముందు ఆమే కూర్చుంది. నేను పక్క సీటులో కూర్చున్నాను. మార్కులు 93 మీద ఉండగా కుక్క అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు.
"మూడు పోయాయి," అన్నాను.
"కుక్క పోలేదు కదండీ."
ఐదు నిమిషాల ముందే గేటు చేరాం. సగటు తీయకుండా తాళం ఆమెకే వదిలేసి బస్సెక్కాను.

పదకొండో రోజు
ఆదివారాలు కారు నాకిస్తానంది. కనుక కొత్త సంకల్పం: పది ఆదివారాలు. అవసరమైన చోట బ్రేకు. కదిలే కారుకు వచ్చిన మార్కులే నమోదు.

దీన్ని తరువాత చదవవలసినవారు హెడ్ నర్సుగారు. ఆరో రోజు, తొమ్మిదో రోజు పుటలు మడిచి ఉంచాను. ఆ ఆలస్యాలు నా భార్యవి కావు. మిగతా పుటలు వారు చదవకపోతే సంతోషిస్తాను.