మైలకు ఆగకూడని పూలజడ

కర్నూలు జిల్లా, కోసిగి మండలం, బసలగట్టు గ్రామ నివాసి, కీర్తిశేషులు గోపన్న భార్య ఉరుకుందమ్మ అను నేను, డెబ్బై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయిస్తున్న వీలునామా. నాకు మతి తప్పిందని నా కొడుకు హనుమేష్ అనవచ్చు. మొన్న స్టవ్ మీద పాలు మరిచి గిన్నె మాడ్చింది వాడే.

1. ఇల్లు, బోరు కింది ఎకరా హనుమేష్‌కు. నేను రాయకపోయినా వాడు తీసుకుంటాడు.

2. పది సెంట్ల పూలతోట నా కోడలు సుజనకూ, పక్కింటి జీవమ్మకూ చెరిసగం. జీవమ్మ ముప్పై ఏళ్లుగా నాతో పాటు కనకాంబరాలు కోసింది. చర్చికి పోయేదానికి మన పూలజడతో ఏం పని అని అడిగినవాళ్ల కూతుళ్ల జడల్లోనూ ఆమె కోసిన పూలున్నాయి. అడగడానికి సిగ్గుండాలి. వాటా ఉంది కాబట్టి సాక్షి సంతకం వద్దన్నందుకు ఇప్పుడు ఆమె నా మీద అలిగి కూర్చుంది. ఎంతమందికని సర్దిచెప్పను?

3. పెద్ద సూది, అరటినార చుట్ట సుజనకు. ఈ ఊళ్లో ఎవరికి ఏడో నెల వచ్చినా ఇంటికో దోసెడు పూలు రావాలి, జడ కుట్టాలి. రేపు బిడ్డ ఏడిస్తే వీధంతా లేచి ఎత్తుకోవాలి కదా. కర్నూలు నుంచి ప్లాస్టిక్ జడ తెప్పిద్దామన్నాడు హనుమేష్. తెప్పిస్తే వాడి తలకే కట్టండి.

4. సుజనకు ఇప్పుడు ఆరో నెల, జడకు ఇంకో నెల ఉంది. డాక్టరు నాకిచ్చిన గడువు కూడా నెలే. నేను పోతే ఏడాది దాకా శుభకార్యం వద్దంటారు. ఆ మాట చెల్లదు. రెండు కడుపులు నిలవక కుమిలిన పిల్ల అది. నా పీనుగ దాని పూలకు అడ్డం పడకూడదు. పదకొండు రోజుల మైల తీరగానే, పన్నెండో రోజు జడ వేయండి. ఆపితే ఒకటో అంశంలోని ఎకరా జీవమ్మకు పోతుంది.

5. కొత్త శాలువా నా ఆడబిడ్డ గిడ్డమ్మకు. ఆమెకు చలి ఎక్కువ. హనుమేష్ నా కడుపులో ఉన్నప్పుడు మా అత్త పోయింది. తల్లి పోయిన దుఃఖం గిడ్డమ్మది, కాదనను. కానీ "ఇల్లు మైలపడి ఉండాది, నీకు పూలు యాడివి పోమే" అని నా వేడుక ఆపించింది. తర్వాత ఊరందరికీ జడలు కుట్టాను. నా తలకు మాత్రం ఎక్కలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

6. నా మీద దండలు వేయవద్దు. తోటలో పూచినవన్నీ కడుపుతో ఉన్నవాళ్లకే. ఒక్క మూర కనకాంబరాలు జీవమ్మ చేత నా తలలో పెట్టించండి. మొగుడు పోయినదానికి పూలేమిటని గిడ్డమ్మ అడిగితే, ఇవి హనుమేష్ నా కడుపులో ఉన్నప్పటివని చెప్పండి.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఊరి బడి రామకృష్ణ మాస్టరుది.

14 ఆగస్టు 2025, బసలగట్టు

(సంతకం) ఉరుకుందమ్మ

సాక్షులు:
కంబన్న, చౌకదుకాణం డీలరు
రెజీనా, ఆశా కార్యకర్త